బొటనవేలికి అంటిన కీ

పొద్దున్నే పరీక్షా ఫలితాలు విడుదల చేసేసి, మధ్యాహ్నం హాయిగా ఓ కునుకు తీయాలని యూనివర్సిటీ కంట్రోలర్ మేడమ్ అనుకున్నారు. ఫలితాల పేజీ తెరవడానికి పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు. వేలెడంత సెక్యూరిటీ కీని కంప్యూటర్‌కు గుచ్చి, దాని మీది బిళ్లను తాకాలి. ఆ కీని డైనింగ్ టేబుల్ మీద పెట్టి ఆవిడ స్నానానికి వెళ్లారు.

ఆవిడ భర్త పళ్ల డాక్టరు. ఫోన్‌లో వార్త చదువుతున్నాడు. అలాంటి కీల్లో లోపం బయటపడిందట. దొంగ చేతికి చిక్కితే పెంకు విప్పి, లోపలి రహస్యం లాగేసి, అచ్చం అలాంటిదే ఇంకోటి తయారు చేస్తాడట. డాక్టరు చప్పున టేబుల్ మీది కీని అందుకున్నాడు. భార్య కీని ఎవడైనా విప్పాడేమో చూడాలి. చూడాలంటే విప్పాలి. పంటిగార గీకే కొక్కెంతో ఒక్క నొక్కు నొక్కాడు. టప్పుమంది.

ఎవరూ విప్పలేదని రూఢి అయింది. కాకపోతే ఇప్పుడు విప్పి ఉంది.

కంగారులో పంటి తొడుగులు అతికించే జిగురు పూసి, బిళ్ల మీద బొటనవేలితో అదిమిపట్టాడు. పెంకు అతుక్కుంది. వేలూ అతుక్కుంది.

"ఏమండీ, నా కీ ఏదీ?"

"నా దగ్గర భద్రంగా ఉందోయ్."

"ఇలా ఇవ్వండి."

"ఇవ్వను."

"పరాచికాలకి ఇదా టైము?"

"ఇవ్వలేను" అంటూ ఆయన వేలు పైకెత్తాడు.

వేడినీళ్లు, నూనె, తిట్లు... దేనికీ అది లొంగలేదు.

"మీరు అతికించిన పన్ను మూణ్ణాళ్లకే ఊడిందని పక్కింటావిడ గొడవ పెట్టుకుందిగా! ఇదెందుకు ఊడదూ?" అంటూ మేడమ్ ఆయన్ని కారెక్కించి ఆఫీసుకు లాక్కెళ్లారు.

గుమ్మంలోనే సెక్యూరిటీ ఆఫీసరు ఎదురయ్యాడు. మేడమ్ ముందే అందుకున్నారు.

"కీ ఎవరి చేతికీ ఇవ్వకూడదని నాకు తెలుసు. నేనివ్వలేదు. ఈయనే వదలట్లేదు."

ఆఫీసరు కోప్పడలేదు. ఆ వేలిని చూసి ఏడ్చినంత పని చేశాడు. ఆ వార్త అతగాడూ చదివాడు. చదివి, వచ్చినవాళ్ల కీలు వచ్చినట్టే లాక్కుని సుత్తితో నలగ్గొట్టించాడు. కొత్తవి రేపు గానీ రావని ఆ తర్వాత తెలిసింది. గేటు బయట పిల్లలు ఫలితాలేవని కేకలు వేస్తున్నారు. ఆఫీసు మొత్తానికి మిగిలిన కీ ఇదొక్కటే.

"డాక్టరుగారూ, మీ కాళ్లు పట్టుకుంటాను. ఆ వేలు ఒక్కసారి ఇటివ్వండి!"

డాక్టరు మోకాళ్ల మీద కూలబడి, బొటనవేలితో సహా కీని కంప్యూటర్‌కు గుచ్చాడు. తాకమని స్క్రీన్ అడిగింది.

"నొక్కండి సార్!"

"పొద్దున్నుంచీ నొక్కే ఉన్నానయ్యా!"

పేజీ తెరుచుకుంది. ఫలితాలు వెళ్లిపోయాయి. గేటు బయట ఈలలు మోగాయి. మేడమ్ చాలా ఏళ్ల తర్వాత భర్త వంక ముచ్చటగా చూశారు.

మర్నాడు కొత్త కీలతో పాటు ఆఫీసరు ఉత్తర్వు కూడా అందరికీ అందింది: వీటిని నీటికి, ఎండకు, జీవిత భాగస్వాములకు దూరంగా ఉంచవలెను.