అత్తగారి బీరువా

ఒక చెక్క బీరువా ఒక గుమ్మంలోంచి దూరుతుందా దూరదా అన్న ప్రశ్న మీద ఒక వ్యాపార కేంద్రం భవితవ్యం ఆధారపడగలదని చరిత్రకారులు ఎన్నడూ గుర్తించలేదు. అది చరిత్రకారుల లోపం.

గడియారాల వీధిలో ఏడు మరమ్మతు దుకాణాలుండేవి. అన్నిటికన్నా పాతది పెద్దమేస్త్రిది. తక్కిన ఆరూ ఎప్పటికైనా తొలగిపోవాలన్నది ఆయన జీవితాశయం. తన మెట్టు దాకా వచ్చిన మనిషి పక్క మెట్టు ఎక్కినప్పుడల్లా ఆయనకు కడుపు మండిపోయేది.

ఆ ఉదయం భార్య ఆయన చేతికి టేపు ఇచ్చింది.

"మా అమ్మ బీరువాతో ఇంట్లో అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతున్నా. వెనక వీధిలో గదులు ఖాళీట. ఒకదాని గుమ్మం కొలిచి రండి."

ఆయన కొలుస్తుండగా పక్క దుకాణం బట్టతల మేస్త్రి అటుగా వచ్చాడు.

"ఏంటన్నా, కొలతలు?"

"మా అత్తగారి బీరువాకి."

"ఓహో. అత్తగారి బీరువాకి," అని బట్టతల మేస్త్రి, పరుల వ్యాపార రహస్యాలను గౌరవించే పెద్దమనిషిలా తలాడించాడు.

మధ్యాహ్నానికల్లా ఆ పక్క గదికి అతను అడ్వాన్సు ఇచ్చేశాడు. సాయంత్రానికి మరో ఇద్దరు ఇచ్చారు. పెద్దమేస్త్రి జాలిపడి మిగతా ముగ్గురికీ ఉన్నమాట చెప్పాడు.

"గోడలన్నీ చెమ్మరా నాయనా. వెలుతురుండదు. అటు పురుగు కూడా తిరగదు."

"మనల్ని రానివ్వకూడదని ఎంత తాపత్రయమో చూశారా," అనుకుని వాళ్లు మర్నాడే సామాను సర్దారు. ఆరు దుకాణాలు ఒక్కచోట కనబడేసరికి పొరుగూరి మేస్త్రి ఒకతను వచ్చి ఏడోది తెరిచాడు. 'ఇంతమందీ తెలివితక్కువవాళ్లు కారుగదా' అనుకోవడమే అతను జరిపిన మార్కెట్ పరిశోధన.

పాత వీధిలో పెద్దమేస్త్రి ఏకచ్ఛత్రాధిపతి అయ్యాడు. షోకేసు అద్దాలు మిలమిల్లాడేలా తుడిచి కూర్చున్నాడు. మూడో రోజుకి, ఆగిపోయిన చేతిగడియారంతో తొలి మనిషి మెట్టెక్కాడు.

"గడియారాల వీధి ఎటండీ?"

"ఇదేనండీ."

అతను వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు.

"ఆటలు కాదు మాస్టారూ, మీరొక్కరేగా ఉన్నారు," అని దిగి వెళ్లిపోయాడు.

"కోరిక తీరిందిగా," అంది ఆ రాత్రి భార్య.

వారం తిరక్కుండా పెద్దమేస్త్రి బల్లా భూతద్దమూ మోసుకుని వెనక వీధి చేరాడు. గదులన్నీ నిండాయి. ఆయన కొలిచినది మాత్రం, ఎలాగూ ఆయనదేనని ఎవరూ ముట్టుకోలేదు.

"రా అన్నా," అన్నాడు బట్టతల మేస్త్రి. "బీరువా ఏదీ?"

బీరువా, ఆయన ఖాళీ చేసిన పాత దుకాణంలో ఉంది. కొత్త గుమ్మం దానికి రెండంగుళాలు ఇరుకు.