అనుకోకుండా ఏడవాలి

ఊళ్లో ఆయన్ను అసలు పేరుతో ఎవరూ పిలవరు. "గడ్డం పైకి" గారనే అంటారు. పెళ్లి ఫొటోలు తీసేటప్పుడు ఆయన నోట ముందొచ్చే మాట అదే. వీధిలో ఎదురుపడినవాళ్లు కూడా గడ్డం కాస్త ఎత్తాకే పలకరిస్తారు.

ఆయన భార్యా ఫొటోగ్రాఫరే. కాకపోతే ఆవిడ ఎవరినీ నిలబడమనదు, నవ్వమనదు. పేపరువాళ్లు వార్తకి తీసినట్టు, జరిగేది జరుగుతుండగా పట్టేస్తుంది. పెళ్లికి ఆవిడ వచ్చిన సంగతి ఆల్బం చూశాకే తెలుస్తుంది.

ఇప్పుడు ఆయన మేనకోడలి పెళ్లి వచ్చింది.

"మావయ్యా, మీరిద్దరూ తీయండి. నాకు నచ్చిందే ఆల్బం అట్ట మీదికి. కానీ ఎవరినీ నిలబెట్టి తీయకూడదు," అంది పెళ్లికూతురు.

ఆయన గుండెల్లో రాయి పడింది. ఎత్తుకుని పెంచిన పిల్ల! ఆ అట్ట మీద తన ఫొటో లేకపోతే ఇన్నేళ్ల పనీ బూడిదలో పోసిన పన్నీరే.

"పోనీ నేను నేర్పనా?" అంది భార్య.

"నువ్వా? నాకా? తాతకు దగ్గులు నేర్పినట్టుంది!"

"తాత దగ్గితే బాగానే ఉంటుందండీ. మీరు దగ్గేముందు కూడా గడ్డం ఎత్తమంటారు."

పెళ్లిరోజు ఆయన పెళ్లికూతురి తండ్రిని మెట్ల కిందికి లాక్కెళ్లాడు.

"బావా, అమ్మాయి మెట్లు దిగుతుంది. నేను చెయ్యెత్తుతాను. నువ్వు అనుకోకుండా ఏడవాలి."

"అనుకోకుండా ఎప్పుడు ఏడవాలి?"

"చెయ్యెత్తగానే అంటున్నాగా!"

"ముందు ఏ కంట్లోంచి?"

"కిటికీ వైపు కంట్లోంచి. అటు వెలుగు బాగుంది."

బావగారు సాధన మొదలుపెట్టారు. మూతి వంకర తిప్పారు, ముక్కు ఎగబీల్చారు, చెంప పట్టుకుని మూలిగారు. అటుగా వెళ్తున్న వియ్యంకుడు దంతవైద్యుడు. చూసి కంగారుపడి, "ఏదీ, నోరు తెరవండి," అంటూ వచ్చేశాడు.

సరిగ్గా అప్పుడే పెళ్లికూతురు మెట్లు దిగింది. మావయ్య చటుక్కున చెయ్యెత్తాడు. బావగారు పెద్దగా నోరు తెరిచారు.

ఆ పిల్ల నేరుగా మావయ్య దగ్గరికొచ్చి, ఆయన కెమెరాని మెల్లగా కిందికి దించింది.

"చిన్నప్పట్నుంచీ నన్ను ఇందులోంచే చూశావు మావయ్యా. ఇవాళొక్కసారి ఊరికే చూడు."

చూశాడు. అంతే, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. ఏడుపు మాత్రం ఆగలేదు.

ఆల్బం వచ్చింది. అట్ట మీద, చెయ్యెత్తి, గడ్డం గుండెకి ఆనించి, పసిపిల్లాడిలా ఏడుస్తున్న ఆయన. ఆయన చెంప తుడుస్తూ నవ్వుతున్న పెళ్లికూతురు. వెనక నోరు తెరుచుకున్న బావగారు. ఒక్కరూ కెమెరా వైపు చూడటం లేదు.

"ఎక్కడున్నావే అప్పుడు?" అన్నాడు భార్యతో.

"మీ పక్కనే. మీరు అన్నయ్యగారికి ఏడుపు నేర్పుతున్నప్పట్నుంచీ."

ఆయన ఏదో ఒక వంక పెడదామని ఫొటో అంతా వెతికాడు. దొరకలేదు.

"ఇంత మంచి ఫొటో నేను జన్మలో తీయలేదే," అన్నాడు మెల్లగా. అని ఊరుకోలేక, "గడ్డం కాస్త పైకుంటేనా..." అన్నాడు.

"అప్పుడది మీ ఫొటో అయ్యేదండీ."

మర్నాడు స్టూడియోలో, తను తీసిన పాత పటాన్ని గోడ మీంచి దించి, ఆయనే ఈ ఫొటోని ఎత్తుగా తగిలించాడు. కింద నిలబడి, లోకం మరిచి దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

వెనక క్లిక్‌మంది.

ఈసారి ఎవరూ చెప్పకుండానే ఆయన గడ్డం పైకి ఉంది.