వరదమ్మ పెదవులూ, వరదమ్మ గొంతూ

ఊపిరి ఆడినంత మాత్రాన మనిషి బతికి ఉన్నట్టు కాదు. వేదాంతులు వేల ఏళ్ళు తల బద్దలుకొట్టుకున్న ఈ సంగతిని నంద్యాలలోని సజీవతా నిర్ధారణ కార్యాలయం ఒక్క సర్క్యులర్‌తో తేల్చిపారేసింది. పింఛను తీసుకునేవాళ్ళు ఏటా ‘నేను బతికే ఉన్నాను’ అని చెబుతూ వీడియో తీయించుకుని యాప్‌లో పెట్టాలి. పెదవి కదలికా, మాటా ఒకేసారి రావాలి. (రాకపోతే ఏం చేయాలో సర్క్యులర్‌లో రాయలేదు. చచ్చినవాళ్ళు సర్క్యులర్లు చదవరని కాబోలు.)

మా ఆళ్లగడ్డ వరదమ్మకు వితంతు పింఛనే ఆధారం. బియ్యమైనా బీపీ మాత్రలైనా అందులోంచే రావాలి. మనవరాలు నిత్య ఫోనులో తీసిన వీడియోలో ఆమె పెదవులు ముందు కదిలాయి, గొంతు తీరిగ్గా వెనకాల వచ్చింది. యాప్ తిప్పికొట్టింది. పింఛను ఆగింది. వరదమ్మ బస్సెక్కి నంద్యాల పోయి ఉప సమన్వయాధికారి లక్ష్మీనరసింహం గారి ముందు నిలబడింది.

“ఏందప్పా ఇది? ఈడ నిలబడి నీతో మాట్లాడతాండా గదా, కనపడల్యా?”

“కనపడుతున్నావమ్మా. పెదవులు బతికే ఉన్నాయి, గొంతూ బతికే ఉంది. రెండూ ఒక్క మనిషివేనని రుజువు లేదు” అన్నారాయన, చాలా మర్యాదగా.

మనిషిని కళ్ళతో చూసి నమ్మే పాత పద్ధతిని ఆ కార్యాలయం ఎప్పుడో రద్దు చేసింది. (అందులో మోసాలు జరిగేవట.)

వరదమ్మ ఆయన్ను, ఆయన యాప్‌ను కలిపి తిట్టుకుంటూ వెనక్కొచ్చి సాల్మన్ రాజు షాపుకు పోయింది. చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు వీడియోలు తీసేది అతనే. మాట వెనకబడిన పెళ్ళి వీడియోను సరిచేయడం అతనికి మంచినీళ్ళ ప్రాయం. తాళి కట్టే బొమ్మ దగ్గరికి గట్టిమేళాన్ని జరిపితే చాలు, తక్కిన మాటలన్నీ ఎవరి పెదవుల మీదికి వాళ్ళవి వచ్చేస్తాయి.

“అవ్వా, నీ వీడియోలో మేళం ల్యా. మళ్ళా తీస్తా, ముందు గట్టిగా ఒగ చప్పట కొట్టి, ఆమీట మాట్లాడు. చేతులు కలిసే బొమ్మా, ఆ చప్పుడూ ఒగతావ పెడితే అయిపోతాది.”

“బతికుండానని చెప్పేదానికి చప్పట్లు గూడా కొట్టల్లనా! కొడతా పో.”

కొట్టింది. సాల్మన్ రాజు చప్పుడును కాస్త ముందుకు జరిపాడు. పెదవులూ గొంతూ అచ్చంగా కలిశాయి. తెర మీద తనను చూసుకుని వరదమ్మ మురిసిపోయింది కూడా. అయితే అతని కంప్యూటర్‌లో ఏ వీడియో ముగిసినా చివర గట్టిమేళం దానంతటదే వచ్చి చేరుతుంది. పెళ్ళిళ్ళ కోసం అతనే అలా అమర్చుకున్నాడు. ముహూర్తాల రోజులు, చూసే తీరిక ఎవరికుంది? అలాగే యాప్‌లో పెట్టేశాడు.

యాప్ వరదమ్మను బతికించింది. ఆపైన మేళం విని, ఆమెకు మళ్ళీ పెళ్ళయిందని గ్రహించి, వితంతు పింఛను శాశ్వతంగా రద్దు చేసి, నూతన దంపతులకు శుభాకాంక్షలు పంపింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

వరదమ్మ ఈసారి సాల్మన్ రాజును రెక్క పట్టుకుని నంద్యాలకు లాక్కెళ్ళింది. లక్ష్మీనరసింహం గారు ఇద్దరినీ తేరిపార చూసి, “వరుడు మీరేనా?” అన్నారు.

“అయ్యో సార్! నేను వీడియో తీసేటోన్ని. ఆ మేళం నా కంప్యూటర్‌ది, తప్పు నాదే” అంటూ సాల్మన్ రాజు నాలుగడుగులు వెనక్కి జరిగాడు.

“నా మొగుడు పోయి ఎన్నేండ్లాయనో! ఈ వయసులో నాకు పెండ్లి చేసేదానికి నువ్వెవురప్పా?” అని అరిచింది వరదమ్మ. అరుస్తూనే ఏడ్చింది. “మాత్రలు అయిపోయినాయి సామీ. ఏదో ఒగ దారి చూపీ.”

ఆయన మనసు కరిగింది. నిబంధనలు తిరగేసి దారి కనిపెట్టారు.

“నిన్ను మళ్ళీ వితంతువుగా రాసుకోవాలంటే కొత్త భర్త చనిపోవాలమ్మా.”

“ల్యానోడు యాడ సచ్చేది?”

“అదే చెబుతున్నా. ముందు ఆయన బతికున్నట్టు ఒక వీడియో పెట్టించు.”