తప్పిపోయిన స్టేషన్ మాస్టారు

ఆదివారం పొద్దున్నే కురోగి గారు తప్పిపోవడానికి తయారవుతున్నారు.

ఏటా చలి మొదలయ్యే రోజుల్లో ఆ ఊళ్ళో ఒక డ్రిల్ జరుగుతుంది. మతిమరుపు జబ్బుతో దారి తప్పిన పెద్దవాళ్ళను ఎలా పలకరించాలో, ఎలా ఇంటికి చేర్చాలో ఊరంతా నేర్చుకునే డ్రిల్. ఒకరు తప్పిపోయినట్టు నటించాలి, మిగతావాళ్ళు వెతకాలి. వేషం ఎవరిదో ముందుగా చెప్పరు. ఈసారి దాన్ని రిటైరయిన స్టేషన్ మాస్టారు కురోగి గారు అడిగి మరీ పుచ్చుకున్నారు.

అలా అడగడం వెనుక ఒక ఎత్తు ఉంది. ఆయన భార్య సుమియేకి నిజంగానే ఆ జబ్బు. సంగతి బయటపడితే ఊరు ముందు జాలిపడుతుంది, తరువాత సలహాలిస్తుంది, చివరికి ఆవిణ్ణి వృద్ధాశ్రమంలో చేర్చమంటుంది. ఆవిడ లేని ఇంట్లో ఆయన ఒక్క పూట ఉండలేరు. అందుకే ఆవిడ మాట తడబడితే తానే పూర్తిచేస్తారు. ఎవరినైనా గుర్తుపట్టకపోతే చెవి సరిగా వినబడదంటారు. జబ్బు ముదరకుండా పొద్దున చేపలు, సాయంత్రం నడక, మధ్యలో కూడికలు, తీసివేతలు. తీసివేతల్లో ఆవిడకంటే ఆయనకే ఎక్కువ తప్పులు వస్తాయి, అది వేరే సంగతి. ఇంట్లో ఆ జబ్బు పెట్టుకుని వీధిలో ఆ వేషం కడతాడని ఎవరైనా అనుకుంటారా? ఆయన ధీమా అది.

"మధ్యాహ్నానికి వచ్చేస్తా. టీవీలో సుమో కుస్తీలు చూస్తూ ఉండు," అని కమలాపళ్ళ బుట్ట ఆవిడ ముందు పెట్టారు.

"ఎక్కడికండీ?"

"తప్పిపోడానికి."

"బయట చలిగా ఉంది. టోపీ పెట్టుకుని తప్పిపోండి."

అలాగే అన్నారు గానీ, వేషం హుషారులో టోపీ మరిచిపోయి వెళ్ళిపోయారు.

వంతెన పక్క బెంచీ మీద కూర్చుని నోరు కాస్త తెరిచి, చూపు ఎటో పెట్టారు. స్తంభాల మీది మైకులు మోగాయి. "గోధుమరంగు టోపీ పెట్టుకున్న పెద్ద వయసు వ్యక్తి కనిపించడం లేదు. ఇది డ్రిల్ మాత్రమే." ఊరు కదిలింది. కదిలిన ఊరంతా ఆయన ముందు నుంచే వెళ్ళింది. వెళ్ళినవాళ్ళంతా వంగి, "నమస్కారం మాస్టారూ" అని సాగిపోయారు. నలభై ఏళ్ళు రైళ్ళను వేళకు నడిపిన మనిషి తప్పిపోతాడని ఎవరికి తోస్తుంది? ఆయనకు చిర్రెత్తుకొచ్చింది.

సెలూన్ బెప్పు రొప్పుతూ వచ్చాడు. "మాస్టారూ, ఎవరో పెద్దాయన తప్పిపోయాట్ట. ఇటేమైనా వచ్చాడా?"

"నేనేనయ్యా అది!"

"మీకు టోపీ ఏదీ?"

"ఇంట్లో మర్చిపోయాను."

"ఊరుకోండి మాస్టారూ, మీరు మర్చిపోవడమేంటి!" అని నవ్వేసి బెప్పు వెళ్ళిపోయాడు.

టోపీ తెచ్చుకుందామని కురోగి గారు ఇంటికి నడిచారు. తలుపు బార్లా తీసి ఉంది. టీవీలో ఇద్దరు లావుపాటి మనుషులు తోసుకుంటున్నారు. సగం వలిచిన కమలాపండు ఉంది. టోపీ లేదు, సుమియే లేదు.

చలి, వంతెన, దాని కింద నీళ్ళు ఆయన కళ్ళముందు కదిలాయి. చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పరుగెత్తి, ఎదురొచ్చిన బస్సుకు అడ్డంగా చేయెత్తి నిలబడ్డారు.

"ఆపు! మా ఆవిడ లోపలుందా?"

డ్రైవరు దిగి, నేర్పినట్టే ఎదురుగా వచ్చి, వంగి, మెల్లిగా అడిగాడు. "తాతగారూ, ఎక్కడికి వెళ్ళాలి?"

"తాతేంటి! నా భార్య కనబడట్లేదంటే!"

ప్రయాణికులు దిగి చుట్టూ చేరారు. ఒకావిడ శాలువా కప్పింది, ఇంకొకరు వేడి టీ అందించారు. "అబ్బ, ఈసారి మాస్టారా! ఎంత బాగా చేస్తున్నారు! కాళ్ళకి చెప్పులు కూడా లేవు చూడు!" అని వెనక ఎవరో మెచ్చుకున్నారు.

"ఇది డ్రిల్ కాదయ్యా!"

"కాదండీ, అస్సలు కాదు," అన్నారు అందరూ. తప్పిపోయినవాళ్ళ మాట కాదనకూడదన్నది డ్రిల్‌లో మొదటి పాఠం. దాన్ని పోయిన నెల ఊరికి నేర్పింది కురోగి గారే.

బెప్పు మళ్ళీ వచ్చాడు. "మాస్టారూ, కంగారుపడకండి. అమ్మగారు క్షేమంగా ఉన్నారు. రండి, వెళ్దాం."

అది కూడా పాఠంలోని మాటే. కురోగి గారికి ఏడుపొచ్చింది. ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు.

"బెప్పూ, నీకు దణ్ణం పెడతాను. సుమియేకి మతిమరుపు జబ్బు. నిజమైన జబ్బు. నేనే అందరికీ అబద్ధాలు చెప్పాను. వెతకండి, బాబూ!"

బెప్పు ఆయన చేయి పట్టుకుని కమ్యూనిటీ హాలుకు నడిపించాడు. హాలు మధ్యలో గోధుమరంగు టోపీ పెట్టుకుని సుమియే పప్పుండ తింటోంది. పక్కన సోయా పన్నీరు అమ్మే టోఫు కొట్టు ఒగాతా గారు టీ పోస్తోంది. డ్రిల్ నడిపిస్తున్నది ఆవిడే.

"మీకు టోపీ ఇద్దామని బయల్దేరిందండీ," అంది ఒగాతా గారు. "నాకు బస్టాపు దగ్గర కనబడింది."

కురోగి గారు భార్య పక్కన కూలబడి టోపీ అంచు పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చారు. కాస్త తేరుకున్నాక తల వంచి అన్నారు. "ఈవిడ సంగతి మీ అందరి దగ్గరా దాచాను. క్షమించండి."

ఒగాతా గారు, బెప్పు మొహమొహాలు చూసుకున్నారు.

"మాస్టారూ, మధ్యాహ్నం మీరు కునుకు తీస్తారే," అన్నాడు బెప్పు నసుగుతూ.

"ఓ పది నిమిషాలు. అయితే?"

"పది నిమిషాలు కాదండీ, రెండు గంటలు. అమ్మగారు అప్పుడు టోఫు కొట్టుకి వస్తారు. మీరు లేచే వేళకి నేనో, ఈవిడో ఇంట్లో దింపి, చెప్పులు ఉన్నచోటే పెట్టి వస్తాం."

"ఎన్నాళ్ళనుంచి?"

"పోయినేటి వానాకాలం నుంచి."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరేమో ఆవిడకి చెవి వినబడదన్నారు. మేం అవునన్నాం," అంది ఒగాతా గారు. "కాదనకూడదని మీరే కదండీ నేర్పారు!"

ఆయనకు కోపం రావాలి, రాలేదు. గుండె మీద నుంచి రైలు పెట్టెంత బరువు దిగింది. "ఆశ్రమంలో పెట్టమనరు కదా?" అని చిన్న గొంతుతో అడిగారు.

"పెడితే మా కొట్లో తీసివేతలు ఎవరు చేస్తారు? రోజూ లెక్కలు చూసేది ఆవిడే," అంది ఒగాతా గారు.

మర్నాటి మధ్యాహ్నం కురోగి గారు కునుకు మానేసి, భార్య చేయి పట్టుకుని అందరికీ కనబడేలా టోఫు కొట్టుకు బయలుదేరారు. దారిలో ఎదురైన ప్రతివాళ్ళూ ఆగి, మాస్టారిని జాగ్రత్తగా ఇంటికి తీసుకెళ్ళమని సుమియేకి చెప్పారు.