లచ్చుమయ్య అన్‌ఫిట్ దరఖాస్తు

క్యాసెట్ మీద వచ్చిన కంప్యూటర్ ఆటలో ముప్పై ఎనిమిదేళ్లుగా గనిలో దూకుతున్న బొమ్మ మనిషి లచ్చుమయ్య, ఇక పనికి రానని రాయించుకోవడానికి మంగళవారం బొగ్గుగనుల మెడికల్ బోర్డు ముందు హాజరయ్యాడు. ఎత్తు రెండంగుళాలు. గుమస్తా అదే రాసుకున్నాడు. ఎముకల గడిలో 'లేవు' అని రాసి, మోకాళ్లు అరిగాయని కింద గుర్తు పెట్టాడు.

లచ్చుమయ్యకు ఆటకు మూడు ప్రాణాలు. అయిపోతే మళ్లీ మొదటి తెర, మళ్లీ మూడు. టేపుకు బూజు పట్టాక అలా ఇవ్వడం ఆగింది. ఇప్పుడు మిగిలింది ఒక్కటి.

బోర్డు పెద్ద డాక్టర్ విద్యాధర్ కార్మికుడి కొడుకే. చిన్నప్పుడు గని కాలనీ క్లబ్బులో మిగతా పిల్లలతో ఆ ఆట ఆడినవాడే. లచ్చుమయ్య అని పేరు పెట్టింది కూడా ఆ పిల్లలే.

"లచ్చన్నా! మూడో తెరల కదిలే బల్ల యాదికుందా?"

"మరుస్తనా సారూ? రోజూ ఆడ్నే పడగొడుతుంటిరి."

బోర్డంతా నవ్వింది.

"ఆట మొదలయ్యేదాంక టేపు ఐదు నిమిషాలు కీచుమంటుండె. ఊపిరి బిగవట్టి కూసుంటుంటిమి. మా నాయిన గని దిగేటోడు, నేను నిన్ను దింపేటోణ్ణి."

"ఒక్క పానమే ఉంది సారూ. ఈసారి పడితే మళ్ల లెవ్వ. అన్‌ఫిట్ రాయుండ్రి."

"రాస్త, రాస్త గనీ..." అంటూ డాక్టరు పాత రోజుల ధ్యాసలో బొటనవేలితో ఆట మీట నొక్కినట్టు బల్ల అంచు నొక్కాడు.

లచ్చుమయ్య ఎగిరాడు. పేపర్‌వెయిట్ దాటి స్టాంపు ప్యాడ్ మీద సరిగ్గా దిగాడు. ఎగరాలనుకోలేదు. ఆ బొటనవేలు నొక్కితే అతను ఎగురుతాడు, అంతే.

"అబ్బ! అట్లనే ఉన్నవే!" డాక్టరు కళ్లు తుడుచుకున్నాడు. ఇంకో మూడుసార్లు నొక్కాడు. మిగతా ఇద్దరు డాక్టర్లు కూడా చిన్నతనం గుర్తొచ్చి తలా ఒకసారి నొక్కారు. లచ్చుమయ్య ప్రతిసారీ ఎగిరాడు.

గుమస్తా రాశాడు: మోకాళ్లు పనిచేయుచున్నవి. ప్రాణములు ఒకటి. డ్యూటీకి సరిపోవును. ఫిట్.

డాక్టరు సంతకం పెట్టి, లచ్చుమయ్యకు చాయ్ తెప్పించి, గుమ్మందాకా సాగనంపాడు. ప్రేమలో లోపమేమీ లేదు.

బుధవారం మొదటి షిఫ్టుకు లచ్చుమయ్య గని ముందు, దిగబోయే కార్మికుల వరుసలో నిలబడ్డాడు. వెనక ఉన్న కార్మికుడు వంగి చూశాడు.

"ఎన్ని పానాలున్నయే నీకు?"

"ఒక్కటే." చెప్పడానికి లచ్చుమయ్యకు సిగ్గేసింది.

"మాకు పుట్టినకాన్నుంచి అంతేనే. జరుగు ముందటికి."

వరుస కదిలింది.