కారుబాట విజయము

అది వర్షర్తువు. ఘనాఘన గర్జనలకు దిక్కులు దద్దరిల్లుచుండగా, మురుగుకాలువలు తాము మహానదులమని భ్రమించి పొంగుచుండగా, ఒకానొక నగరమున, ఒకానొక వీధి చివరి ఇంట, గేటునకును గుమ్మమునకును నడుమ పరచుకొనియున్న కర్దమసామ్రాజ్యమును జయింప నడుము కట్టిన వీరాధివీరుని చరితము వినుడు! వినుట కోపిక లేనివారు గొడుగులు తీసికొని నిరభ్యంతరముగా వెళ్లవచ్చును.

ఆ వీరుడొక కంపెనీలో జమాఖర్చులు చూచు ఉద్యోగి. పరుల బడ్జెట్లను పరపర కోయుటయందు అసమానుడగుటచే సహోద్యోగు లాతనిని "కత్తెరగారు" అని పిలిచెదరు. ఎదుట కాదు, ఆతని కోతకు ఏసీలు పోగొట్టుకొన్న గదులలో. అట్టి అరివీరభయంకరుడు ప్రతి ప్రాతఃకాలమునను, బురదలో దిగబడిన సొంత కారు వెనుక నిలిచి, చొక్కా చేతులు మడచి, స్టీరింగు ముందు కూర్చున్న అర్ధాంగి "తోయండి, ఇంకొంచెం గట్టిగా తోయండి!" అని ఆనతిచ్చుచుండగా తోయుచుండెను. చక్రము తిరిగెడిది. బురద యెగిరెడిది. తెల్లచొక్కా చిరుతపులి చర్మమయ్యెడిది. ఆసుపత్రిలో నర్సగు ఆ యిల్లాలు ఆలస్యముగా డ్యూటీకి చేరెడిది. ఇంకొక్కసారి ఆలస్యమైనచో శాశ్వతముగా రాత్రి డ్యూటీలో వేసెదనని హెడ్ నర్సు తుది హెచ్చరిక చేసియుండెను.

అంతట కత్తెరగారు భోజనాల బల్లపై పిడికిలి గ్రుద్ది, మంచినీళ్ల గ్లాసు గడగడలాడగా, ఇట్లు గర్జించెను:

"దేవీ, వినుము! ఈ పంకిలపథమును గ్రానైటు శిలాఫలకములతో కప్పించెదను! తళతళ మెరయు ఆ రాజమార్గమును గాంచి నీ యక్క మగడు, నా తోడల్లుడు, ఆ డాంబికశిఖామణి, తన గ్రానైటు బాటను తానే మరచి కుళ్లి కృశించుగాక!"

"బావగారింట్లో వాన పడితే బ్రేకేసినా కారు గేటు దాకా జారిపోతోంది. అక్క టైరుకి ఇటుక అడ్డం పెడుతోంది. మనకెందుకండీ ఆ సోకు?" అనెను అర్ధాంగి, కంచము కడుగుచు.

వీరులకు ఇటువంటి మాటలు వినబడవు. మేస్త్రి ఇచ్చిన అంచనా కాగితమును సమరాంగణముగా పరచి, ఎర్రకలమును ఖడ్గముగా ఝళిపించి, కత్తెరగారు విజృంభించెను. నేలలోపల పరచవలసిన కంకర! భూగర్భమున దాగు పిరికిపందను ఎవడు చూచును? కోత. నీరు పోవుటకు వాలు! నీటికి దారి నీటికే తెలియును, కోత. పక్కనొక సన్నని కాలువ, అదియును నేలకూలెను. ఇంతటి రక్తపాతము జరిగినను గ్రానైటునకు డబ్బు చాలలేదు. అంతట ఆ మేధావి, ఆఫీసున సైతము ఎన్నడును ప్రయోగింపని బ్రహ్మాస్త్రమును సంధించెను: వీధిలోనుండి కనబడునంతవరకే గ్రానైటు, అటుపిమ్మట యథాపూర్వముగా బురద.

అర్ధాంగి కాగితము తీసికొని చదివెను. నవ్వలేదు.

"అంటే గేటు దగ్గర మహారాజులం, లోపలికొస్తే మళ్లీ మామూలే. అంతేగా?"

"ఈ బాహువు లుండగా భయమేల? తోసెదను!"

"మీరు తోస్తారు. నాకు లేటవుతుంది. రాత్రి డ్యూటీ వేస్తారు. మీరు ఆఫీసు నుంచి వచ్చేసరికి నేను వెళ్లిపోతాను, నేను వచ్చేసరికి మీరు వెళ్లిపోతారు. ఇంక రోజూ ఆ గ్రానైటుతోనే కబుర్లు చెప్పుకోండి."

నిజము చెప్పవలెనన్న, వీరునికి భయము వేసినది. సాయంకాలము ఆ బల్ల దగ్గర ఆమె వార్డు కబుర్లు చెప్పుట, తాను మేనేజరును తిట్టిపోయుట, ఇరువురును ఒకరి మాట కొకరు అడ్డుపడుచు తినుట: రోజు మొత్తములో ఏ పద్దును కోయవలెనని ఆతనికి తోచని సమయ మదియొక్కటియే. దానినిప్పుడు తన చేతులారా తానే కోసివైచుచున్నాడు.

ఆ యెర్రకలముతోనే గ్రానైటును కొట్టివేసెను. కంకరను, వాలును, కాలువను, ఒక్కొక్క దానినే, మరల వ్రాసెను. కోసిన పద్దును తిరిగి చేర్చుట ఆతని ఉద్యోగచరిత్రలోనే లేదు.

"సరే. మామూలు కాంక్రీటే వేయిద్దాం. జారకుండా, ఆరకముందే పైన చీపురుతో గీతలు గీయమందాం," అన్నాడు, వాడుక మాటల్లోకి దిగి. "నువ్వు టైముకి వెళ్లు. టైముకి రా."

కాంక్రీటు పడినది. తోడల్లుడు వచ్చి, "ఇంతేనా? బూడిదరంగేనా?" అని పెదవి విరిచెను. కత్తెరగారా అవమానమును కాఫీతో సహా దిగమ్రింగి, కాంక్రీటు గట్టిపడుటకై కప్పిన గోనెసంచులపై నీళ్లు చల్లసాగెను.

అటుపిమ్మట నొక కుంభవృష్టి ప్రాతఃకాలమున, వీరుడు అలవాటు చొప్పున చేతులు మడచి, నడుము వంచి, కారు వెనుక రెండు అరచేతులు ఆనించెను. కారు కదలెను. గేటు దాటెను. అరచేతులు గాలిలోనే యుండిపోయెను.

అద్దము దించి అర్ధాంగి, "ఏమండీ, ఇంకా ఎవర్ని తోస్తున్నారు? చొక్కా తడుస్తోంది, లోపలికెళ్లండి!" అనెను.

దిక్పాలకులారా, దుందుభులు మ్రోగింపుడు! ఒక కారు తన యింటి గేటును తానే దాటినది! ఒక నర్సు వేళకు డ్యూటీకి చేరినది! ఆ సాయంకాలము భోజనాల బల్ల దగ్గర, బురదచుక్క యెరుగని చొక్కాతో, ఒక మగడు మేనేజరును తిట్టుచుండగా, "ఆగండి, ముందు నేను చెప్పేది వినండి" అని ఒక భార్య అడ్డుపడినది! జయము! దిగ్విజయము!