చుక్క కారని మోటారు

ఆ ఉదయం కృపారావు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. బావమరిది రిచర్డ్ పడవ మోటారు బాగుచేసి పంపించేయడం, ఆ తర్వాత కాళ్ళు చాపుకుని పేపరు చదవడం. రైల్వే వర్క్‌షాపులో డీజిల్ ఫిట్టరుగా రిటైరైన దగ్గర్నుంచీ ఆ బెంగాలీ ఊళ్ళో సుభాష్‌పల్లి పేటలోని ఆయన ఇంటి వరండా లోకోషెడ్డుకి బ్రాంచి అయిపోయింది. విసిగిపోయిన భార్య ఎమిలీ మొన్ననే ఆయన చేత ఒట్టు వేయించుకుంది. బాగుచేసి పంపిన పని ఒక్కటి తిరిగి ఇంటికొచ్చినా, పనిముట్ల పెట్టె పాత ఇనుము కొనే కబాడీ కొట్టుకి పోవాల్సిందే. ఆ పెట్టె లేని బతుకు ఆయన ఊహకే అందదు.

మోటారు పాతది. నీళ్ళు లాగడం మానేసి వేడెక్కిపోతోంది. నీళ్ళు పీల్చే జల్లెడ నిండా నది బురద, నాచు. లోపలి పంపులో రబ్బరు రెక్కలు ఎండి విరిగాయి. కృపారావు జల్లెడ కడిగి, కొత్త రెక్కలు బిగించి, మోటారును ఎమిలీ మంచినీళ్ళ డ్రమ్ములోకి దించి తాడు లాగాడు.

మోటారు ఖంగున అందుకుంది. మరుక్షణం ఆయన గుండె ఆగినంత పనైంది. మూత కింద చిన్న కన్నంలోంచి నీళ్ళు ధారగా బయటికి చిమ్ముతున్నాయి! షెడ్డులో ఇంజనుకి చుక్క నీరు కారినా ఫోర్‌మన్ దాన్ని గేటు దాటనిచ్చేవాడు కాదు. ఇక్కడ ఏకంగా ధార. చటుక్కున మోటారు ఆపి, కన్నంలో సీలు పేస్టు కూరి, అది గట్టిపడేదాకా పక్కనే కూర్చున్నాడు.

"ఓర్నాయనో, నా తాగే నీళ్ళు! ఏటండీ ఈ పెట్రోలు కంపు?" ఎమిలీ డ్రమ్ము చూసి గొల్లుమంది.

"నీళ్ళకేటి, రేపొస్తాయి. లీకెలా కట్టినానో సూడు!"

రిచర్డ్ వచ్చి మోటారును టోటో అనే బ్యాటరీ రిక్షాలో వేసుకుని కాంసాయి నదికి పరుగెత్తాడు. అక్కడ పిక్నిక్ జనం పడవ కోసం కాచుకుని ఉన్నారు. కృపారావు పేపరు మడత విప్పీ విప్పకముందే ఫోను మోగింది.

"బావా, నీళ్ళు రావట్లేదు!"

"రావు మరి. రాకుండా సేసింది నేనే!"

"ఆఁ?" రిచర్డ్ అరిచాడు. "నీళ్ళు బయటికి రావాలి బావా! ఇంజను సల్లగుందని తెలిసేది దాంతోనే! మాడిపోద్దని ఆపేసినాను. నది నడిమధ్యన ఉన్నాం..."

ఫోను తెగిపోయింది. కృపారావు గబగబా పనిముట్లు పెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు. పక్కనే వింటున్న ఎమిలీకి తమ్ముడు, నది, నడిమధ్యన అన్న మూడు మాటలే చాలాయి. పక్కింటావిడ సూసన్నతో పడవ ఆగిపోయిందని చెప్పింది. సూసన్న వీధి మలుపులో వాళ్ళకి పడవ ఒరిగిపోయిందని చెప్పింది. కబురు చర్చి దగ్గరికి చేరేసరికి పడవ మునిగిపోయింది. కృపారావు పనిముట్ల పెట్టె చంకన పెట్టుకుని బయటపడేసరికి నాలుగు టోటోల నిండా జనం, ముందు టోటోలో పాస్టరుగారు, సూసన్న చేతిలో పూలదండ.

రేవులో రిచర్డ్ ఒడ్డున కూర్చుని మరమరాలు తింటున్నాడు. తెడ్లు వేసుకుని ఎప్పుడో వచ్చేశాడు. పాస్టరుగారిని, దండను చూసి తెల్లబోయి లేచి నిలబడ్డాడు.

"ఎవరు పోయినారు బావా?"

సూసన్న దండను కొంగు చాటుకి లాక్కుంది. ఎమిలీ తమ్ముణ్ణి పట్టుకుని ఏడ్చి, ఆపైన వీపు మీద నాలుగు వేసింది.

కృపారావు ఆమె పిన్నీసు అడిగి తీసుకుని, పడవెక్కి, కన్నంలో పేస్టు పెకలించి తాడు లాగాడు. మోటారు హాయిగా మోగింది. ధార చిమ్మింది. జనం చప్పట్లు కొట్టారు.

"సూసినావా? పని ఇంటికి తిరిగి రాలేదు. మనవే దాని కాడికొచ్చినాం."

ఎమిలీ కళ్ళు తుడుచుకుంది. "సరే, ఒప్పుకున్నాను. పెట్టె ఉంచుకోండి."

కృపారావు ప్రాణం లేచొచ్చింది. కానీ కళ్ళు మాత్రం ఆ ధార మీదనుంచి కదల్లేదు. కారుతూనే ఉంది. జన్మలో చూడకూడదనుకున్న దృశ్యం.

"ఒరే రిచర్డ్, దీన్నిలా ఒదిలీలేను. ఇంటికి అట్టుకెళ్ళి ఈ కన్నానికి సిన్న కుళాయి బిగించి రేపిస్తాను."

రిచర్డ్ తేరుకునేలోగా మోటారు ఊడదీసి, టోటో ఎక్కి, ఒళ్ళో పెట్టుకున్నాడు. పనిముట్ల పెట్టె కాళ్ళ దగ్గర ఉంది. ఇంటికి తిరిగొస్తున్న ఆ మోటారునీ, ఆ పెట్టెనీ ఎమిలీ దారి పొడవునా మార్చి మార్చి చూసింది.

ఖరిదా బజారు రాగానే ముందుకు వంగి, కబాడీ కొట్టు ముందు ఒక్క నిమిషం ఆపమని టోటో నడిపే దాదాకి మర్యాదగా బెంగాలీలో చెప్పింది.